రెండో పోగు

వెయిటర్ చేతిలోని ట్రే అడుగు నుంచి మత్తుసూది దూసుకుపోయింది. లిఫ్టులోంచి అప్పుడే బయటికొచ్చిన లావుపాటి విదేశీయుడు గోడకు జారగిలబడి గురక మొదలుపెట్టాడు. వెయిటర్ అతని కఫ్‌లింకు విప్పి, అందులో దాచిన సన్నటి గాజుగొట్టాన్ని జేబులో వేసుకున్నాడు.

ఆ వెయిటర్ని గూఢచారి శాఖలో అందరూ నత్త అంటారు. రిపోర్టులు ఎప్పుడూ ఆలస్యంగా పంపుతాడని పెట్టిన పేరు. ఈవేళ మాత్రం ఆలస్యం చేస్తే కొంప మునుగుతుంది, అదీ నిజంగానే. ఒక విదేశీ ముఠా ఆనకట్ట కంప్యూటర్లోకి చొరబడి గేట్లన్నిటికీ తాళం వేసేసింది. వాన తెరిపివ్వడం లేదు. సాయంత్రంలోగా గేట్లు లేవకపోతే కట్ట తెగి, కింద ఉన్న ఊరు కొట్టుకుపోతుంది. కంట్రోల్ రూములో ఇంజనీరు నత్త భార్యే. సిబ్బందినంతా పంపేసి, తనొక్కతే కుర్చీ వదలకుండా కూర్చుంది.

తాళం తీసే కోడ్‌ని ముఠా డీఎన్ఏలో రాసింది. తల్లిదండ్రుల పోలికల్ని బిడ్డకు చేరవేసే ఆ పదార్థానికి ఉన్నవి నాలుగే అక్షరాలు: ఎ, టి, జి, సి. మెలితిరిగిన నిచ్చెనలా రెండు పోగులు. ముఠా పెద్దలు ఇద్దరు, ఒకడంటే ఒకడికి నమ్మకం లేదు. అందుకని పోగుల్ని వేడిచేసి విడదీసి, చెరొకటి పంచుకున్నారు. లిఫ్టు దగ్గర పడినవాడి పోగు నత్తకు చిక్కింది. రెండోదాన్ని రెండోవాడు పట్టుకుని పొద్దుటి విమానంలో దేశం దాటిపోయాడు.

ఆ విమానాన్ని పోనిచ్చింది మైనా. ముఠాలో పెద్దల పక్కన పట్టుబట్టల్లో మెరిసిపోయే కెమిస్టు. శాఖకు రహస్యంగా పనిచేసే ఏజెంటు. డ్రైక్లీనింగ్ షాపు పైన ఉన్న శాఖ ల్యాబులో ఆమె కనబడగానే నత్త శాఖవాళ్ళ గుర్తుమాట కూడా అడగలేదు. పిస్టల్ తీశాడు.

"వాణ్ణెందుకు వదిలేశావు?"

"ఆపితే అనుమానం వచ్చి కోడ్ మార్పించేవాడు."

"మా ఆవిడ అక్కడుంది." నత్త గాజుగొట్టాన్ని ఆమె మొహం ముందు ఆడించాడు. "ఈ సగం పెట్టుకుని నేనేం చెయ్యను?"

"సగం కాదండీ. మొత్తం మీ జేబులోనే ఉంది."

ఎ ఎదురుగా టి, జి ఎదురుగా సి మాత్రమే జత కుదురుతాయని ఆమె గబగబా చెప్పింది. ఒక పోగు ఉంటే చాలు, దాన్ని చూసి రెండోది అల్లుకోవచ్చు. ఒంట్లో ప్రతి కణమూ రెండుగా చీలే ముందు చేసే పని ఇదే. కానీ గాజుగొట్టంలోని చుక్కలో ఉన్నది చదవడానికి చాలదు, నకళ్ళు తియ్యాలి. అల్లే ఎంజైము మొదలుపెట్టడానికి రెండు పోగులకూ చెరొక చిన్న స్టార్టర్ ముక్క కావాలి. ముఠా ల్యాబులో కొట్టేసిన ఆ ముక్కల్ని మైనా లిప్‌స్టిక్ గొట్టంలోంచి తీసింది.

మెషీన్ వేడెక్కింది, చల్లబడింది. ఒకటి రెండైంది, రెండు నాలుగయ్యాయి. నత్త కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. ఫోన్లో భార్య, నీళ్ళు కట్ట అంచుకు తగులుతున్నాయంది. వచ్చేయమని బతిమాలాడు. గేట్ల తాళం వీడితే మీట నొక్కడానికి మనిషి ఉండాలి కదా అంది.

డీఎన్ఏ చదివే రీడరు అక్షరాలు చూపించింది. నత్త ఫోన్లో చదివాడు, అక్కడ భార్య టైపు చేసింది. ఆనకట్ట కంప్యూటర్ ఒప్పుకోలేదు.

"ఇంకొక్కసారే అవకాశమండీ. తప్పయితే ఇక తెరుచుకోదట," అంది భార్య.

నత్తకు ఏడుపొచ్చింది. మైనా మొహం పాలిపోయింది. కట్ట బీటలు వారుతున్న చప్పుడు ఫోన్లో వినబడుతోంది.

"మనం చదివింది ఏ పోగుని?" అన్నాడు నత్త.

మైనా ఉలిక్కిపడింది. కోడ్ రాసింది ఒక పోగు మీదే. వీళ్ళు చదివింది దాని ఎదుటి పోగు. రెండు పోగులూ ఎదురెదురు దిక్కులకు నడుస్తాయి గనక కొస నుంచి మొదటికి రావాలి, ఎ ఉన్నచోట టి, జి ఉన్నచోట సి పెట్టుకుంటూ. ఆమె చెబుతుంటే నత్త ఒక్కో అక్షరమే ఫోన్లో అప్పజెప్పాడు. ఆఖరి అక్షరం దగ్గర అవతల పెద్ద శబ్దమైంది. ఆ తరువాత నీళ్ళ హోరు తప్ప ఏమీ లేదు. నత్త ఫోన్ని చెవికి అదుముకుని గోడకు ఆనుకుపోయాడు.

"గేట్లు లేచాయండీ," అంది భార్య. "నేనున్నాను."

నత్త నేలమీద చతికిలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

కాసేపటికి శాఖ పెద్దాయన ఫోన్ చేశాడు. అంత తెలివైన ముఠా ఒక్కొక్క పోగులోనూ మొత్తం గుట్టుంటుందని తెలియక ఎలా పంచుకుందని ఆయనకు ఆశ్చర్యం.

"అలా పంచుకోమని చెప్పింది నేనేనండీ," అంది మైనా. "ఇద్దరూ విడివిడిగా వచ్చి నాకు థాంక్స్ కూడా చెప్పారు."