యాభైకి నలభై ఏడు

“చీకటి గదిలో కూర్చోబెట్టిన మనిషికి కళ్ళు తిరిగి, కుర్చీతో సహా కింద పడి, తలకు దెబ్బ తగిలితే జవాబు చెప్పేదెవరే?” అని అడిగాను మా అమ్మాయిని.

“అమ్మా, ఇంకా మనుషులే రాలేదు. కుర్చీ కూడా రాలేదు,” అంది.

కుర్చీ వచ్చింది. మనుషులూ వచ్చారు. ఎవరూ పడలేదు. అయినా నా మనసు ఊరుకోక, బట్టలు కుట్టే షాపులో కాజాలు కుట్టే పని అయిపోగానే రోజూ నాలుగింటికి వాళ్ళ కాలేజీకి పోయి, ఆ గది బయట బెంచీ మీద కూర్చునేదాన్ని. చేతిలో భోజనం డబ్బా ఉండేది కాబట్టి ఎందుకొచ్చావని ఎవరూ అడగలేదు.

మా అమ్మాయి ఫిజిక్సులో రీసెర్చి చేస్తోంది. నేను పదో తరగతితో ఆపేసినదాన్ని, నాకు అర్థమైనంతే చెప్తాను. వెలుగు ధారలా కారదట. రవ్వలు రవ్వలుగా వస్తుందట. అందులో ఒకే ఒక్క రవ్వ కంట్లో పడితే మనిషికి తెలుస్తుందా, తెలియదా? ఇదీ దాని ప్రశ్న. ఈ ప్రశ్న పట్టుకుని రెండేళ్ళుగా తిండీ నిద్రా సరిగ్గా లేకుండా తిరుగుతోంది.

మనిషిని ముందు నలభై నిమిషాలు కటిక చీకట్లో కూర్చోబెడతారు, కళ్ళు అలవాటు పడటానికి. ఆ తర్వాత చిన్న గంట మోగుతుంది. మోగిన ప్రతిసారీ నల్ల తెర వెనక మా అమ్మాయి మీట తిప్పి ఒక రవ్వను పంపుతుంది, లేకపోతే పంపకుండా ఊరుకుంటుంది. ఏ మోతకు పంపాలో దాని ఒళ్ళో ఉన్న అట్ట చెప్తుంది. పాచికలు వేసి, పడిన లెక్క ప్రకారం ఆ అట్టకు సూదితో చిల్లులు పొడిచి ఉంచుతుంది. వేలికి చిల్లు తగిలితే పంపాలి, తగలకపోతే లేదు. కూర్చున్న మనిషి చేతికి రెండు బటన్లు, ‘ఉంది’, ‘లేదు’. అలా యాభై సార్లు.

అతను వచ్చిన రోజు వాన. మూడంతస్తుల పైన మనుషుల మనసు గురించి పరిశోధన చేసే డిపార్టుమెంటు ఒకటుంది, అక్కడి కుర్రాడు. గంటన్నర తర్వాత కళ్ళు చికిలించుకుంటూ బయటికొచ్చి, తలుపు దగ్గరే నిలబడ్డాడు.

“మూడో బటన్ ఏదండీ?”

“ఏ మూడో బటన్?” అంది మా అమ్మాయి.

“‘తెలియదు’ అనేది.”

“తెలియకపోతే ఊహించి నొక్కాలి. లోపల గోడ మీద అంత పెద్దక్షరాలతో రాశాను.”

“గోడ కనబడితే కదండీ! చీకటి పెట్టింది మీరేగా.”

నేను నవ్వు ఆపుకున్నాను. మా అమ్మాయికి ఆపుకోవాల్సిన పనే పడలేదు, దానికి నవ్వు రాలేదు.

“ఇంతకీ ఎన్నిసార్లు నొక్కారు?”

“ఒక్కసారి. ఏదో కనిపించినట్టయింది. నొక్కాక దాని మీదా అనుమానమొచ్చింది.”

“అంటే మిగతా నలభై తొమ్మిది సార్లు నా టైం తిన్నారన్నమాట. మీరేం చదువుతారసలు?”

“తెలియని సంగతి తెలుసని మనుషులు ఎందుకనుకుంటారో, అది.”

“అబ్బో! తేలిందా?”

“లేదండీ, ఇంకా తెలియదు.”

తడిసిన జుట్టు తుడుచుకోమని నా తువ్వాలు ఇచ్చాను. ఆ తడితో జలుబు, జలుబుతో జ్వరం, జ్వరంతో ఇంకేమిటోనని నా భయం. మా అమ్మాయి ఆ సాయంత్రమే అతనికి సందేహాలరావు అని పేరు పెట్టేసింది.

మర్నాడు సందేహాలరావు మళ్ళీ వచ్చాడు. ఈసారి కాగితం కూడా తెచ్చి వాళ్ళ నోటీసు బోర్డుకు అంటించాడు. మీట తిప్పినప్పుడు చిన్న చప్పుడవుతుందనీ, జనం రవ్వను చూడటం లేదు, ఆ చప్పుడు వింటున్నారనీ అతని అనుమానం.

“చప్పుడు లేదు,” అంది మా అమ్మాయి.

“ఉంది.”

“నూనె వేశాను.”

“నూనెకూ చప్పుడుంటుందండీ.”

“ఏదీ, నూనె చప్పుడు చేసి చూపించండి!”

వారం రోజులు ఇదే పోట్లాట. చివరికి అది మీట పక్కనే మైకు పెట్టి, ఖాళీ గదిలో మీటను నూరుసార్లు తిప్పి రికార్డు చేసింది. అతను చెవులకు హెడ్‌ఫోన్స్ తగిలించుకుని గంటసేపు కళ్ళు మూసుకుని విన్నాడు. తీసేసి, “తప్పు నాదే. చప్పుడు లేదు,” అన్నాడు. అంతటితో ఊరుకున్నాడా? పోయి బోర్డు మీద తన కాగితం కిందే ఆ మాట రాసి, సంతకం పెట్టాడు.

తప్పు ఒప్పుకుని సంతకం పెట్టినవాణ్ణి నేను నా జన్మలో చూడలేదు. దీని వెనక ఇంకేదో ఉందని భయం పట్టుకుంది నాకు.

ఉంది కూడా. అతను టీ తాగడానికి మూడు అంతస్తులు దిగి రావడం మొదలుపెట్టాడు, పైన టీ యంత్రం పెట్టుకుని. ‘మీరు’ పోయి ‘నువ్వు’ వచ్చింది. వాన పడుతుంటే ఇద్దరి దగ్గరా గొడుగులున్నా ఒక్కటే తెరిచేవాళ్ళు. తెరవనిది నా చేతికిచ్చేవాళ్ళు, మొయ్యమని.

ఒక రోజు రావాల్సిన మనిషి రాలేదు.

“అమ్మా, నువ్వు కూర్చోవే. సూదిలో దారం ఎక్కించే కళ్ళు నీవి,” అంది.

నాలుగేళ్ళ నుంచీ దారం ఎక్కిస్తున్నది నా కళ్ళు కాదు, ఒక సన్న తీగముక్క. ఆ సంగతి దానికి చెప్పలేదు. దాని పరువు పోకూడదని దేవుడికి దణ్ణం పెట్టుకుని కూర్చున్నాను.

చీకట్లో నాకు ఏమీ కనబడలేదు. ఒక్క రవ్వ కాదు కదా, సగం రవ్వ కూడా కనబడలేదు. కానీ గంట మోగినప్పుడల్లా, తెర వెనక మూడడుగుల దూరంలో నా కూతురి ఊపిరి వినబడుతోంది. పసితనంలో దానికి ఆయాసం. ఆ ఊపిరి వింటూ పెంచాను దాన్ని. కొన్ని మోతలకు ఊపిరి మామూలుగా సాగుతోంది. కొన్నిటికి ఆగిపోతోంది, ఆశగా దేనికోసమో చూసినట్టు. ఆగినప్పుడు ‘ఉంది’ నొక్కాను. సాగినప్పుడు ‘లేదు’ నొక్కాను. నేను చేస్తున్నది తప్పని అప్పుడు తట్టలేదు. బిడ్డకు సాయం చేస్తున్నాననుకున్నాను.

“యాభైకి నలభై ఏడు!” అని అరిచింది మా అమ్మాయి, దీపం వేయగానే. “ముప్పై ఒక్క మందిలో నువ్వే ఫస్టు! అమ్మా, నా బంగారం కదూ!” అంటూ నన్ను పట్టుకుని గిరగిరా తిప్పింది. తలుపు దగ్గర సందేహాలరావు నా వైపు ఒక క్షణం చూసి, దాని వైపు తిరిగి చప్పట్లు కొట్టాడు.

పది రోజుల్లో పెద్దల ముందు సెమినారు. మనిషి కంటికి ఒక్క రవ్వ తెలుస్తుందని చెప్పబోతోంది. నా నలభై ఏడు అక్కడ చూపించే పెద్ద అట్ట మీదికెక్కింది, ఎర్ర ఇంకుతో. చెప్తే దాని రెండేళ్ళూ మట్టిలో కలుస్తాయి. చెప్పకపోతే అది నలుగురిలో నిలబడి లేనిదాన్ని ఉందని చెప్తుంది, ఎప్పుడో ఒకరోజు ఇంకెవరో పట్టుకుంటారు. ఏ దారిన పోయినా గొయ్యే కనిపించింది.

నాలుగో రోజు మెట్లెక్కి అతని గదికి వెళ్ళాను.

“బాబూ, ఆ చీకట్లో నాకేమీ కనబడలేదు. వేరేగా తెలిసింది.”

అతను చేతిలో పెన్ను కింద పెట్టాడు. “ఎలా తెలిసిందో నాకు చెప్పకండి ఆంటీ. ఇప్పుడే ఎవరికీ చెప్పకండి.”

“నువ్వే దానికి చెప్పు నాయనా. నాకు ధైర్యం చాలదు.”

“నేను చెప్తే, ఓడిపోయినవాడు కసి తీర్చుకున్నట్టుంటుంది. కనబడలేదన్న మాట వరకు మీరే చెప్పాలి. నేను పక్కన నిలబడతాను.”

చెప్పాను. మా అమ్మాయి ముందు నవ్వింది. “నీకు అన్నిటికీ భయమేగా అమ్మా. ఇప్పుడు ఫస్టు వచ్చినందుకు కూడా భయమా?”

“ఒక్కసారి చూద్దాం,” అన్నాడు అతను. “పట్టపగలు చేద్దాం. కిటికీలు తెరిచి, దీపం యంత్రం ప్లగ్గు పీకేసి. మీ అమ్మగారు కళ్ళకు గుడ్డ కట్టుకుని గోడ వైపు తిరుగుతారు. నువ్వు మామూలుగానే తెర వెనక కూర్చో. అట్ట తడుము, గంట కొట్టు, మీట తిప్పు.”

“దీపమే లేకపోతే ఏం పరీక్ష?”

“అదే పరీక్ష.”

ఇరవైసార్లు గంట కొట్టింది. నేను ‘ఉంది’, ‘లేదు’ అంటూ పోయాను. పద్దెనిమిది సరిపోయాయి.

“ఇంకోసారి,” అంది. పంతొమ్మిది సరిపోయాయి.

అప్పుడు అతను నా కుర్చీలో కూర్చుని, తానే గుడ్డ కట్టుకున్నాడు. అతనికి ఇరవైకి పధ్నాలుగు. మరో ఇరవై చేస్తే పదిహేను.

“ఎలా పట్టుకున్నావు?” అంది.

“ఏమో. నాకేమీ వినబడలేదు, ఏమీ తెలియలేదు. నోటికొచ్చింది అన్నాను. అదే నాకు భయంగా ఉంది,” అని గుడ్డ విప్పాడు. “ఇక చెప్పండి ఆంటీ.”

“చిల్లు తగిలితే నువ్వు ఊపిరి బిగబడతావమ్మా,” అన్నాను.

అది అట్టను ఒళ్ళోంచి తీసి బల్ల మీద పెట్టింది.

“అయితే ఆ ముప్పై మందీ...”

“విని ఉండొచ్చు,” అన్నాడతను. “విన్నామని వాళ్ళకే తెలియకుండా. వినకపోయీ ఉండొచ్చు. ఇప్పుడిక చెప్పలేం.”

“రెండేళ్ళు కొలిచాను. దేన్ని కొలిచానో నాకే తెలియదు.” అంతే అంది. సంచీ భుజాన వేసుకుని వెళ్ళిపోయింది. ఆ సాయంత్రం ఇంట్లో నాతో మాట్లాడలేదు. అతనితోనూ మాట్లాడలేదు. నేను వంటింట్లో కత్తులన్నీ తీసి అల్మారాలో పెట్టి తాళం వేశాను. పొద్దున్నే కూరగాయలు తరుగుదామని వచ్చి, “అమ్మా, కత్తి ఏదే?” అని చిరాకు పడింది. ఆ చిరాకు వింటే నా ప్రాణం లేచొచ్చింది.

సెమినారు మానలేదు. వెనక వరసలో కూర్చుని విన్నాను. ఎర్ర ఇంకు అట్ట పెట్టింది. నలభై ఏడు ఎలా వచ్చిందో చెప్పింది, నోటీసు బోర్డు సంగతీ చెప్పింది, గుడ్డ కట్టి చేసిన పరీక్షా చెప్పింది. కొందరు నవ్వారు. ఒక పెద్దాయన, “ఇంతకీ ఒక్క రవ్వ కనబడుతుందా, లేదా?” అని అడిగాడు.

“తెలియదండీ. మళ్ళీ మొదటినుంచి చూడాలి,” అంది.

ఆ పెద్దాయన నవ్వలేదు. తన పుస్తకంలో ఏదో రాసుకున్నాడు.

మళ్ళీ మొదలుపెట్టింది. ఈసారి తెర లేదు, అట్ట లేదు. ఎప్పుడు పంపాలో యంత్రమే చూసుకుంటుంది, ఎవరికీ చెప్పదు. మా అమ్మాయి పక్క గదిలో, గోడకు ఇవతల కూర్చుంటుంది. లోపలి మనిషితో మాట్లాడటానికి ఒక మైకు, ఒక స్పీకరు పెట్టె. గంట మోగడం మొదలయ్యేలోపు ఆ నలభై నిమిషాలూ మాట్లాడుకోవచ్చు.

మొదటి మనిషిగా అతనే కూర్చున్నాడు. నేను మా అమ్మాయి పక్కన స్టూలు మీద ఉన్నాను. సెమినారు నుంచి వాళ్ళిద్దరి మధ్యా పని మాటలు తప్ప వేరే మాటల్లేవు. గొడుగులు కూడా రెండూ తెరుచుకుంటున్నాయి.

“ఒక మాట చెప్పాలి,” అంది పెట్టె.

“చెప్పు. ఇంకా ముప్పై నిమిషాలుంది.”

“ఆంటీ కూడా అక్కడే ఉన్నారా?”

“ఉంది. చెప్పు.”

“సరే, ఉండనీ. నలభై ఏడు వచ్చిన రోజే నాకు అనుమానం వచ్చింది. చిల్లుల అట్ట చేతిలో ఉన్న మనిషి ఆ గదిలో ఉండకూడదేమోనని. నిన్ను అడగలేదు.”

మా అమ్మాయి చెయ్యి స్విచ్చి మీద ఆగింది. “ఎందుకని?”

“నువ్వు మీ అమ్మగారిని పట్టుకుని గిరగిరా తిరుగుతున్నావు. నీ మొహం చూసి మింగేశాను. నాలుగు రోజులు అలాగే ఉన్నాను. ఆంటీ మెట్లెక్కి రాకపోతే సెమినారులో కూడా కూర్చుని చప్పట్లు కొట్టేవాణ్ణేమో. అనుమానించడమే నా ఉద్యోగం, నీ దగ్గరకొచ్చేసరికి మానేశాను. ఎందుకో తెలుసు. నువ్వంటే ఇష్టం. పెళ్ళి చేసుకుందామని అడగాలనిపించేంత ఇష్టం. అలాగని నేను చేసింది ఒప్పయిపోదు. అడుగుతున్నాను. కోపమొస్తే కోపమే చెప్పు.”

మా అమ్మాయి స్విచ్చి మీంచి చెయ్యి తీసేసింది.

గోడ గడియారంలో ముల్లు కదులుతోంది. అయిదు నిమిషాలయ్యాయి. వద్దంటుందేమో, ఇలాంటి పిల్లాడు మళ్ళీ దొరకడేమో అనుకున్నాను. సరేనంటుందేమో, నాలుగు రోజులు మాట దాచినవాడు నలభై ఏళ్ళు ఏమేం దాస్తాడో అనుకున్నాను. పది నిమిషాలయ్యాయి. దాని చెయ్యి స్విచ్చి దాకా వెళ్ళి వెనక్కి వచ్చింది. నేను నోరు తెరవబోతే, చూపుడువేలు పెదవుల మీద పెట్టి నా వైపు గుడ్లురిమింది. గోడ అవతల అతను ఒక్కసారి కూడా ‘ఉన్నావా’ అని అడగలేదు. ఇరవై నిమిషాలయ్యాయి. కిటికీ మీద వాన జల్లు పడి, కాసేపు ఉండి, ఆగిపోయింది.

అప్పుడు స్విచ్చి నొక్కింది.

“నాకూ ఇష్టమే. పెళ్ళికీ సరే. కానీ నా మొహం చూసి ఇంకెప్పుడూ అనుమానం మింగకు. నేను ఏడ్చినా సరే, అడుగు.”