మొదటి మూడు నెలల చేతులు

ఉదయం ఎనిమిది కొట్టేసరికి విజయనగరంలో ఏ వీధి పాదశాల ముందు చూసినా చెప్పుల గుట్టలే. ఆఫీసులకు వెళ్ళేవాళ్ళు, బళ్ళకు వెళ్ళేవాళ్ళు, కూరల బండి పక్కన నిలిపి వచ్చినవాళ్ళు, అందరూ వరసగా కుర్చీల్లో వెనక్కి వాలి, కాళ్ళు చాపి, కళ్ళు మూసుకుని ఉంటారు. కాళ్ళ కింది పాదపీఠి యంత్రంలోంచి మెత్తచేతులు పైకి వచ్చి వాళ్ళ అరికాళ్ళు నొక్కుతుంటాయి. ఒకప్పుడు ఈ వేళకు జనం కాఫీ తాగేవారట, పేపరు చదివేవారట, బీపీ మాత్ర వేసుకునేవారట. వాటిలో ఇప్పుడు కాఫీ ఒక్కటే మిగిలింది. అదీ పాదం అయ్యాకే. దారిలో ఎదురైతే "టిఫిన్ అయిందా?" అన్నంత మామూలుగా "పాదం అయిందా?" అని పలకరించుకుంటున్నారు.

ఆ రోజు కోట దగ్గరి పాదశాలకు కొత్తగా ఇద్దరు వచ్చారు. ఒకరు వరహాలమ్మ, రెండోవారు ఆమె కూతురు చైత్ర. ఇద్దరూ అంతవరకు ఆ గడప తొక్కినవాళ్ళు కారు. చైత్రకు ఇన్నాళ్ళూ అవసరం పడలేదు. వరహాలమ్మ సంగతి వేరు. ఆమెకు భయం.

చైత్రకు ఏడో నెలలో బిడ్డ కడుపులోనే పోయింది. పోయి నలభై రోజులు. ఈ నలభై రోజుల్లో ఆమె కంటి మీద కునుకు పడలేదంటే నమ్మాలి. మందులు పనిచేయలేదు. మాటలు అసలే పనిచేయలేదు. "ఇంక పది రోజులు ఇలాగే గడిస్తే మనిషి దక్కదు. పాదశాలకు తీసుకెళ్ళండి. పుట్టిన కొత్తలో తగిలిన చేతుల ఆదిస్పర్శ దొరికితే నిద్ర వస్తుంది. నిద్రంటూ వస్తే మిగతాది మేం చూసుకుంటాం" అని డాక్టరు తేల్చి చెప్పింది. అల్లుడు సెలవులన్నీ అయిపోయి నిన్ననే డ్యూటీకి వెళ్ళాడు. తీసుకురావలసింది తల్లే కదా మరి.

పాదశాల చూసుకునే ఆవిడ పేరు మెర్సీ. నలభై ఏళ్ళుంటాయి. నోరు ఊరికే ఉండదు గానీ మనసు మంచిది. చైత్ర కాళ్ళు గోరువెచ్చని నీళ్ళతో తనే కడిగి, తుడిచి, కుర్చీలో కూర్చోబెట్టింది.

"మొదటిసారా అమ్మా? ఏమీ భయపడకండి. తిని ఎంతసేపయింది?"

"గంట దాటింది."

"మంచిది. ఈ గ్లాసుడు నీళ్ళు తాగేయండి. మెట్టెలు తియ్యక్కర్లేదు, పక్కనుంచి పోవడం ఈ చేతులకి తెలుసు. కొన్నిచోట్ల ముల్లు గుచ్చినట్టుంటుంది. పళ్ళ బిగువున ఓర్చుకోకుండా నాకు చెప్పండి. కొందరికి చలేస్తుంది, దుప్పటి ఇస్తాను. కొందరికి ఏడుపొస్తుంది, ఏడ్చేయండి. గురక పెట్టినా ఇక్కడ ఎవరూ నవ్వరు."

"ఈ యంత్రం ఎంతసేపు వెతుకుతుంది?" అని అడిగింది చైత్ర. ఆమె గొంతు బావి అడుగునుంచి వచ్చినట్టుంది.

"పావుగంట. ఒక్కోసారి ఇంకా తక్కువ. పుట్టిన మొదటి మూడు నెలల్లో మీ కాళ్ళు ఎవరు పట్టారో, ఎలా పట్టారో మీకు గుర్తుండదు. మీ పాదానికి గుర్తుంటుంది. ఇది రకరకాలుగా నొక్కి చూస్తూ మీ ఊపిరిని కనిపెడుతుంటుంది. ఏ నొక్కుకి మీ ఒళ్ళు తనంత తాను వదులవుతుందో పట్టుకుంటుంది. ఆ చేతి బరువు, ఆ వాలు, ఆ వేగం అన్నీ కలిపి స్పర్శలేఖ రాసుకుంటుంది. ఇంక ఎప్పుడొచ్చినా ఆ చేతులే."

"తర్వాత సాక్ష్యమా?"

"అవునమ్మా. అది మాత్రం తప్పదు."

సాక్ష్యం మొదట్లో లేదు. ఈ చేతులు షుగరు, బీపీ, నడుంనొప్పి తగ్గిస్తాయని కనిపెట్టిన మహానుభావులకు సంసారాల సంగతి ఏం తెలుసు! పెళ్ళిచూపుల్లో "అమ్మాయి ఆదిస్పర్శ ఎవరిదండీ?" అని అడగడం మొదలైంది. నాయనమ్మవనుకున్న చేతులు పనిమనిషివని తేలి ఇళ్ళు రెండుగా చీలాయి. అప్పుడు వచ్చింది చట్టం. ఆ చేతులు ఎవరివో తెలిసినవాళ్ళు వచ్చి చెప్పాలి. ఆ చేతుల మనిషి బతికుంటే తనే అలాగే నొక్కి చూపాలి. లేదంటే స్పర్శలేఖను అక్కడికక్కడే చెరిపేయాలి. ఒకసారి చెరిపాక ఆ పాదం మళ్ళీ అంత తేటగా చెప్పదు.

"సాక్షి మా అమ్మే. చేతులూ అమ్మవే. ఇంకెవరుంటారు?" అంది చైత్ర. "ఆ మనిషి నన్ను ఒక్కసారైనా ఎత్తుకున్న పాపాన పోలేదు."

"ఎవరమ్మా?"

"మా అమ్మ మొగుడు. ఆడపిల్ల పుట్టిందని చేత్తో ముట్టుకోలేదట. పోయినేడు పోయాడు. నేను చూడ్డానిక్కూడా వెళ్ళలేదు."

వరహాలమ్మ ఆశ అంతా ఒక్కటే. మూడు నెలలు ఎంతని? ఆ తర్వాత ముప్ఫై ఏళ్ళు నేనే కదా తలంటి పోసింది, జ్వరమొస్తే కాళ్ళు రాసింది. ఆ ముప్ఫై ఏళ్ళ ముందు మూడు నెలలు ఏపాటి? తల్లీ పైడితల్లీ, ఈ యంత్రానికి నా చేతులే దొరకనీ. వచ్చే దారంతా ఆమె మొక్కిన మొక్కు అదే.

మెత్తచేతులు పైకి వచ్చాయి. వెచ్చగా, నూనె రాసినట్టు మెరుస్తున్నాయి. మడమ దగ్గర నొక్కాయి, బొటనవేలి కింద నొక్కాయి. ఒకచోట చైత్ర "అబ్బా!" అంది. అవి వెంటనే పట్టు సడలించి ఇంకోచోటికి జరిగాయి. అలా కాసేపు తడుముకున్నాక రెండూ ఆగాయి. ఏదో జ్ఞాపకం చేసుకుంటున్న మనిషిలా ఆగాయి. తర్వాత కుడిచెయ్యి చైత్ర అరికాలి మీద రెండుసార్లు మెల్లగా తట్టింది. టప్, టప్. అరచేతి అంచుతో మడమనుంచి వేళ్ళదాకా ఒక్క జారుగా మెత్తింది. మళ్ళీ టప్, టప్. మళ్ళీ జారుడు.

ఇటుక పెట్టి, తట్టి, సున్నం మెత్తే చెయ్యి అది. వరహాలమ్మ ఆ చప్పుడు గుర్తుపట్టింది.

చైత్ర పుట్టినప్పుడు ఆమె మూడు నెలలు గోడకేసి తిరిగి పడుకుంది. బిడ్డను చూస్తే భయం. ఏడుపు వింటే చెవులు మూసుకునేది. ఎందుకో ఎవరికీ తెలియదు, ఆమెకూ తెలియదు. అప్పుడు ఆమె మొగుడు, తాపీ మేస్త్రి దాలినాయుడు, పని మానేసి ఇంట్లో కూర్చున్నాడు. మగాడు బిడ్డకు నీళ్ళు పోయడమేమిటని నలుగురూ నవ్వుతారని తలుపులు వేసుకునేవాడు. పీట మీద కూర్చుని కాళ్ళు చాపి, ముంగాళ్ళ మీద పిల్లను పడుకోబెట్టి, నూనె రాసి పాదాలు తట్టేవాడు. గోడవైపు తిరిగి ఉన్న వరహాలమ్మకు వినిపించేది ఆ చప్పుడే. "నా బిడ్డని నాను ముట్టలేదని బయటికి తెలిస్తే ఉరేసుకుంటాను" అందామె ఒకరోజు. ఆయన పిల్ల నెత్తిన చెయ్యి పెట్టి ఎవరికీ చెప్పనని ఒట్టేశాడు. తర్వాత ఆయనకు తాగుడు వచ్చింది, కోపం వచ్చింది, చాలా చెడ్డగుణాలే వచ్చాయి. ఆ ఒట్టు మాత్రం తప్పలేదు.

"అమ్మా..." అంది చైత్ర. కళ్ళు మూసే ఉన్నాయి. నలభై రోజులుగా బిగుసుకుపోయిన దవడ వదులైంది. కన్నీళ్ళు చెవుల్లోకి జారుతున్నాయి. "నీ చెయ్యి ఇంత బాగుంటుందా అమ్మా? నాకెందుకు గుర్తులేదే?"

ఈ మాటకు ఏ తల్లి నిజం చెప్పగలదు? మెర్సీ పల్చటి తొడుగు తెచ్చి వరహాలమ్మ చేతికి వేసింది. "ఇదే చోట మీరు ఎప్పుడూ నొక్కేలా నొక్కండమ్మా. కలిసిపోతే అయిపోయినట్టే."

వరహాలమ్మ తప్పుకోలేదు. మూడు నెలలు విన్న చప్పుడు కదా, ఆ మాత్రం చేయలేనా అనుకుంది. కూతురి అరికాలి మీద రెండుసార్లు తట్టి, అంచుతో మెత్తింది. పాదపీఠి మీద ఎర్రదీపం వెలిగింది.

"చేతులు చల్లబడ్డాయేమో. రుద్దుకుని ఇంకోసారి" అంది మెర్సీ.

ఈసారి ఇంకా జాగ్రత్తగా తట్టింది. ఎర్రదీపమే. పైగా చైత్ర పాదం, కొత్తవాళ్ళెవరో ముట్టుకున్నట్టు, చటుక్కున వెనక్కి ముడుచుకుంది.

"ఎవరు?" అని కళ్ళు తెరిచింది చైత్ర. తన కాలి దగ్గర తల్లి చెయ్యి కనిపించింది.

మెర్సీ గొంతు తగ్గించింది. "మూడోసారీ కలవకపోతే చెరిపేయాలమ్మా. నా చేతిలో లేదు. వేరే ఎవరివైనా అయితే పేరు చెప్పండి, చాలు. చనిపోయినవాళ్ళయినా పరవాలేదు."

కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని తెలుసు. చించుకోకపోతే కూతురు దక్కదని కూడా తెలుసు. వరహాలమ్మ తొడుగు తీసి ఒళ్ళో పెట్టుకుంది. మొగుడి పేరు జన్మలో ఒక్కసారి కూడా పలకని మనిషి, తల వంచుకుని పలికింది.

"దాలినాయుడు."

"ఎవరమ్మా ఆయన?"

"తాపీ మేస్త్రి. దీని తండ్రి."

మెర్సీ రాసుకుంది. ఆకుపచ్చదీపం వెలిగింది. చైత్ర లేచి కూర్చుని తల్లినే చూస్తోంది. కింద మెత్తచేతులు తమ పని తాము చేసుకుపోతున్నాయి.

"మూడు నెలలూనా?"

"మూడు నెలల పదకొండు దినాలు. నాను గోడకేసి తిరిగీసి తొంగున్నాను తల్లీ. నిన్ను సూడాలంటే భయమేసీది. ఎందుకో నాకిప్పటికీ తెలీదు."

"అది నాకు అర్థమవుతుందమ్మా" అంది చైత్ర. "నలభై రోజులనుంచీ నేనూ గోడకేసే పడుకుంటున్నాను కదా. కానీ ఆయన ముట్టుకోలేదని ఎందుకు చెప్పావు?"

"నీకు నాలుగేళ్ళప్పుడు తాగొచ్చి గొడవాడినాడు. పొమ్మన్నాను, పోనాడు. నువ్వు తిండి మానీసి అయ్య కావాలని ఒకటే ఏడుపు. ఓపిక నేక ఓ మాట అనీసినాను. ఆడపిల్లవని నిన్ను ముట్టుకోనేదు, అలాటోడి కోసం ఏడుత్తావేటి అన్నాను. అంతే, నీ ఏడుపు ఆగిపోనాది. ఆగిపోనాక, ఆ మాట ఎనక్కి ఎలగ తీసుకోవాలో నాకు తెలీనేదు."

"పెళ్ళినాడు కూడా తెలీలేదా?"

పెళ్ళినాడు దాలినాయుడు తెల్లచొక్కా ఇస్త్రీ చేయించుకుని వచ్చి షామియానా బయట నిలబడ్డాడు. "మావయ్యా, పెళ్ళికొడుకు కాళ్ళు నువ్వే కడుగు. ఆ మనిషి చేతులు నా పెళ్ళిలో వద్దు" అని చైత్ర అందరూ వినేలా అంది. ఆయనా విన్నాడు. భోజనం కూడా చేయకుండా వెళ్ళిపోయాడు. నీళ్ళచెంబు పట్టుకుని పక్కనే నిలబడ్డ వరహాలమ్మ నోరు మెదపలేదు.

చైత్ర ముందుకు వంగి, తన కాలి మీదున్న మెత్తచేతిని రెండు చేతులా పట్టుకుంది. ఆ చెయ్యి తిరిగి పట్టుకోలేదు. నెమ్మదిగా ఆమె వేళ్ళలోంచి జారి పాదాన్ని వెతుక్కుంటూ వెళ్ళింది. మళ్ళీ పట్టుకుంది. మళ్ళీ జారిపోయింది. దానికి తెలిసిందల్లా ఆ పాదాలే.

"కాళ్ళుండవా వీటికి?" అని మెర్సీని చిన్నపిల్లలా అడిగింది. "ఆయన కాళ్ళు పట్టుకోవాలి నేను. ఒక్కసారి పట్టుకోవాలి."

"చేతులేనమ్మా ఉన్నవి" అంది మెర్సీ.

చైత్ర వెనక్కి వాలి మోచెయ్యి కళ్ళకడ్డం పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది. ఒక తండ్రి కోసం ఏడవవలసిందంతా ఒకేసారి ఏడ్చింది. చేతులు ఆగలేదు. టప్, టప్, జారుడు. ఏడుపు మధ్యలోనే ఆమె ఊపిరి బరువెక్కింది. మోచెయ్యి పక్కకు వాలింది. నలభై రోజుల తర్వాత చైత్ర నిద్రపోయింది.

మెర్సీ దుప్పటి కప్పింది. గడువు అరగంటే అయినా యంత్రం ఆపలేదు. పలక మీద 'మొదటి పాదం పూర్తి, ఫలితం సంతృప్తికరం' అని రాసుకుని వెళ్ళిపోయింది. జనం వచ్చారు, వెళ్ళారు. పాదశాల ఖాళీ అయింది. వరహాలమ్మ మంచినీళ్ళు కూడా తాగకుండా అక్కడే కూర్చుంది. లేచాక తిడుతుంది, తిట్టనీ. కొట్టినా కొట్టనీ. నా మొహం చూడకు అంటే కాళ్ళావేళ్ళా పడి బతిమాలుకుంటాను. అన్నిటికీ మనసులో సిద్ధపడింది.

మధ్యాహ్నం దాటాక చైత్ర కళ్ళు తెరిచింది. మొహం తేటపడింది. తన పాదాల వైపే చూస్తూ కాసేపు అలాగే పడుకుంది. తర్వాత మెల్లగా అంది.

"నువ్వు ఇంటికెళ్ళమ్మా. నేను ఇంకాసేపు నాన్న దగ్గర ఉండి వస్తాను."

ఆ గొంతులో కోపం లేదు. కోపమైనా ఉంటే బాగుండునని వరహాలమ్మకు అనిపించింది. ఆమె లేచింది. గుమ్మం దాకా వెళ్ళి, ఏదో అడగబోయి వెనక్కి తిరిగింది. చైత్ర అప్పటికే కళ్ళు మూసుకుంది.