పెనం మీద కాణీ

ఎల్లాజీ ఛాతీలో రెండు బుల్లెట్లు దిగేసరికి ఉదయం తొమ్మిదిన్నర. అరసవల్లిలో, లాడ్జి రెండో అంతస్తు. కిటికీ కింద ఆటోవాళ్లు బేరాలాడుకుంటున్నారు. పిస్టల్‌కి సైలెన్సర్ ఉంది కాబట్టి ఒక్కడూ తలెత్తి చూడలేదు.

ఏజెంట్ శాంతికుమార్ ఒక్క నిమిషం ఆలస్యంగా మెట్లెక్కాడు. గళ్ల లుంగీ, భుజాన తువ్వాలు, చెవిలో వినికిడి మెషీన్. ఆ మెషీన్ నిజానికి వైర్‌లెస్. చూసిన వాళ్లెవరైనా చేపల బేరగాడనే అనుకుంటారు. మెట్లు దిగుతున్న హంతకుడూ అలాగే అనుకుని "తప్పుకోరా" అన్నాడు. వాడి చొక్కా కింద నుంచి మందుగుండు వాసన వచ్చింది. శాంతికుమార్ తప్పుకోలేదు. వాడి చెయ్యి దొరకబుచ్చుకుని ఇనుప రెయిలింగు మీద అడ్డంగా విరిచాడు. రెండో దెబ్బకి తల గోడకి కొట్టుకుంది. మెట్ల మలుపు దాకా దొర్లిన వాడు మళ్లీ కదల్లేదు.

గదిలో ఎల్లాజీ మంచం కోడుకి ఆనుకుని ఉన్నాడు. బ్లూ కోరల్ అనే విదేశీ ముఠాలో రెండేళ్లుగా మన మనిషి. శాంతికుమార్ గాయాల మీద అరచేతులు అదిమాడు. వేళ్ల సందుల్లోంచి వేడిగా నెత్తురు వచ్చేస్తోంది.

"బావా... మాయమ్మకి సెప్పకు" అన్నాడు ఎల్లాజీ. అంతే. ఆ తర్వాత ఎంత పిలిచినా పలకలేదు.

చెప్పాల్సిందంతా పావుగంట క్రితమే మెసేజ్ పెట్టాడు. 'మా గవ్వలపేట కొండ మీద రాడార్ కింద బాంబు. టైం పదకొండు. ఆపే నంబరు నేను మార్చేశాను. అమ్మ మెళ్లో ఉన్న కాణీ మీద ఏ సంవత్సరం ఉంటే అదే నంబరు.' నంబరు రాస్తే ముఠా చదివి మళ్లీ మార్చేస్తుందని రాయలేదు. ముఠా ఆ మెసేజ్ చదివింది, చదివి చంపింది.

చెవిలో చీఫ్ గొంతు మోగింది.

"శాంతీ, మన బాంబు స్క్వాడ్ గంగరాజు దాని దగ్గర కూర్చున్నాడు. నాలుగంకెల కీప్యాడ్. ఒక్కటే ఛాన్స్. తప్పు నొక్కితే అక్కడికక్కడే పేలుతుంది."

"ఊరు?"

"పక్కనే జనరేటర్ డీజిల్ ట్యాంకు. కింద ఆరువందల గడప. మైకు పెట్టి ఖాళీ చేయిస్తున్నాం, టైం చాలదు. నాణేలు చదవడానికి హేమని పంపుతున్నాను, ఇవాళ అరసవల్లిలోనే ఉంది."

హేమ పేరుకి విశాఖలో పాత నాణేల షాపు ఓనరు. పనికి డబుల్ ఏజెంట్. ముఠా ఆమెను తమ మనిషి అనుకుంటుంది, డిపార్ట్‌మెంట్ మన మనిషి అనుకుంటుంది. ఇద్దరిలో ఎవరు వెర్రివాళ్లో ఆవిడకే తెలియాలి.

పదిన్నరకల్లా ఇద్దరూ గవ్వలపేటలో ఉన్నారు. నీలం పట్టుచీర, నల్లకళ్లద్దాలు, ఎర్రటి లిప్‌స్టిక్‌తో హేమ ఎండుచేపల మధ్య నుంచి నడిచొస్తుంటే, సామాన్లు మూటగడుతున్న ఆడవాళ్లు కూడా ఒక క్షణం ఆగి చూశారు. ఎల్లాజీ తల్లి లక్ష్మణమ్మ మాత్రం ఇల్లు కదల్లేదు. పెరట్లో కట్టెల పొయ్యి మీద ఇనప పెనం పెట్టి, బతికితే తినాలి కదా అన్నట్టు చేపలు వేయిస్తోంది.

"అమ్మా, ఎల్లాజీ పంపాడు. వీరావల్‌లో బోటు మీద ఉన్నాడు, రాలేకపోయాడు" అని మొహం మీద చిరునవ్వు పులుముకుని అబద్ధమాడాడు శాంతికుమార్. "నీ మెళ్లో కాణీ ఒకసారి ఇమ్మన్నాడు. ఊరు బతకాలంటే దాని మీద అంకెలు కావాలి."

ముసలమ్మ అతని మొహంలోకి చూసింది, చొక్కా మీద మరకల వంక చూసింది.  చేపల కత్తితో మెళ్లో తాడు పుటుక్కున కోసి కాణీ చేతిలో పెట్టింది.

శాంతికుమార్ పైప్రాణాలు పైనే పోయాయి. ఒక వైపు అయిదో జార్జి గెడ్డం నీడలా ఉంది. రెండో వైపు గోరంత గీత కూడా లేదు. అద్దంలా నున్నగా ఉంది.

"ఇదేటమ్మా, ఇలా అరిగిపోయింది?"

"రోజూ సింతపండెట్టి తోమతాను బాబూ. ఆడు సంద్రం మీదున్నన్నాల్లు అది మెరవాల. పదకొండేల్లయి తోమతన్నాను." కొడుకు కోసం పడ్డ బెంగంతా ఆ రాగి మీద తీర్చుకుంది పిచ్చితల్లి.

హేమ భూతద్దం పెట్టి అటూ ఇటూ తిప్పింది. "నైన్‌టీన్ థర్టీ సిక్స్. డౌట్ లేదు. గంగరాజుకి చెప్పెయ్."

"నాకేమీ కనబడట్లేదే."

"అందుకే నన్ను పంపారు. టైం చూసుకో."

పది నలభై ఎనిమిది. శాంతికుమార్ రాజాంలో పుట్టినవాడు. అక్కడ పాత ఇత్తడి, రాగి సామాన్ల కొట్లో చిన్నప్పుడు చూసిన పని ఒకటి గుర్తొచ్చింది. అచ్చు గుద్దినప్పుడు అంకెల కింద లోహం గట్టిపడుతుంది. పైన ఎంత అరిగినా లోపల ఆ గట్టిదనం ఉండిపోతుంది. కాలిస్తే అక్కడి రంగు వేరేగా తిరుగుతుంది. అతను పెనం మీది చేపల్ని కిందికి తోసేసి, బూడిదతో రుద్ది, కాణీని మధ్యలో వేశాడు. పొయ్యిలోకి నాలుగు పుల్లలు ఎగదోశాడు.

రాగి గోధుమ రంగుకి తిరిగింది. తర్వాత ఊదా. అంచున 'ఇండియా' అన్న ఇంగ్లీషు అక్షరాలు దెయ్యాల్లా లేచాయి.

అప్పుడు హేమ లిప్‌స్టిక్ మూత తీసింది.

అది లిప్‌స్టిక్ కాదు, ఒకే ఒక్క గుండు పట్టే పిస్టల్. శాంతికుమార్ పక్కకి ఒరిగాడు కాబట్టి గుండెలోకి రావాల్సింది భుజంలో దిగింది. ఎముక పగిలిన చప్పుడు అతనికే వినబడింది. హేమ చీర కుచ్చిళ్ల మధ్య నుంచి కత్తి లాగి మీద పడింది. "నువ్వే థర్టీ సిక్స్ నొక్కించి ఉంటే, మీ చేతుల్తోనే మీరు పోయేవాళ్లు. నా చీర పాడయ్యేది కాదు" అంది, పళ్లు బిగించి.

ఇద్దరూ పొయ్యికీ రుబ్బురోలుకీ మధ్య దొర్లారు. కత్తి అతని చెంపని చీరింది. పని చేస్తున్న ఒక్క చేత్తో ఆమె మణికట్టు పట్టి నిప్పుల్లోకి తోశాడు. హేమ గావుకేక పెట్టింది కానీ కత్తి వదల్లేదు.

"అమ్మా!" అన్నాడు రొప్పుతూ. "పెనం మీద ఏటి కనబడతన్నాది?"

"అంకెలొచ్చినాయి బాబూ. నాకు సదువు రాదు."

"గీసి సూపించు. బూడిదలో. ఉన్నదున్నట్టు."

ఇంత రక్తపాతం కాళ్ల దగ్గర జరుగుతుంటే ముసలమ్మ పెనం మీద నుంచి చూపు తిప్పలేదు. వలకన్ను అల్లే వేళ్లు బూడిదలో నాలుగు గీతలు తీశాయి. శాంతికుమార్ హేమ తలని రుబ్బురోలు అంచుకేసి ఒకసారి కొట్టాడు. రెండోసారీ కొట్టాడు. మూడోసారి అవసరం లేకపోయింది.

పొయ్యికి ఇవతలి నుంచే చదివాడు. "గంగరాజూ, తొమ్మిది, ఒకటి, ఆరు, ఒకటి."

"తొమ్మిది, ఒకటి, ఆరు... నొక్కాను సార్. చివర ఒకటి నొక్కుతున్నాను."

తొమ్మిది వేల నూట అరవై ఒకటో సంవత్సరమా! అప్పటికి ఏ జార్జి ఉంటాడు? అమ్మ పొయ్యికి అవతల కూర్చుని గీసింది. తను తలకిందులుగా చూస్తున్నాడు.

"ఆగు! తుడిచెయ్యి. ఒకటి, తొమ్మిది, ఒకటి, ఆరు. అయిదో జార్జి కాలం, పంతొమ్మిది వందల పదహారు."

వైర్‌లెస్‌లో గరగర తప్ప ఏమీ లేదు. వీధిలో మైకు ఆటో ఇంకా అరుస్తూనే ఉంది. శాంతికుమార్ తన తండ్రి చర్చిలో నేర్పిన ప్రార్థన మొదటి మాట కూడా గుర్తు తెచ్చుకోలేకపోయాడు.

"ఆగింది సార్" అన్నాడు గంగరాజు.  "నాలుగు సెకన్లుంది."

లక్ష్మణమ్మ తన పైట కొంగు చింపి అతని భుజానికి గట్టిగా కట్టింది. ముడి వేస్తూ అడిగింది.

"మావోడిని ఏ ఆసుపట్లో ఉంచినారు బాబూ, శవాన్ని?"

శాంతికుమార్ ఇంకా అబద్ధమే పట్టుకున్నాడు. "అమ్మా, వీరావల్..."

"అబద్దాలాడకు. సంద్రంలో యాటకెల్లినోడు బతికున్నంత కాలం తల్లి మెల్లో కాణీ తియ్యకూడదు. ఎవులడిగినా తియ్యకూడదు. మావోడికి తెల్దేటి? తియ్యమన్నాడంటేనే నాకు తెలిసిపోనాది."

"తెలిసీ ఎలా ఇచ్చావమ్మా?"

"ఆకరికి అడిగినాడు. ఇవ్వకుండా ఎలగుంతాను?"

అప్పుడు ఏడ్చిందామె. నిప్పుల పక్కన, ఒక శవం పక్కన, గుండెలు బాదుకుని ఏడ్చింది. శాంతికుమార్ కూడా మొహం దాచుకోకుండా ఏడ్చాడు. చెంప మీది నెత్తురూ కన్నీళ్లూ కలిసి గెడ్డం మీద నుంచి కారాయి.

కాసేపటికి చెవిలో చీఫ్ దగ్గాడు. "శాంతీ, ఢిల్లీకి రిపోర్టు పంపాలి. హేమని నమ్మి మనం తిన్న దెబ్బ చాలు. ఆ నంబరు ఇచ్చిన మనిషి ఎలాంటిది?"

"నేనాడిన అబద్ధం ఒక్క నిమిషం కూడా నమ్మలేదు సార్" అన్నాడు శాంతికుమార్. "ఈ ఉద్యోగానికి మనిద్దరికంటే ఆవిడే పనికొస్తుంది."