పట్టుకోని చేతులు

రొట్టెల మేస్త్రి భార్యకు జడ వేస్తున్నాడు. పొద్దున్నే బట్టీ దగ్గర పని ముగించుకుని అప్పుడే వచ్చాడు. ముంజేతుల మీద పిండి ఇంకా తెల్లగా అంటుకునే ఉంది. మూడు పాయల రొట్టె అల్లడం ఇరవై ఏళ్ళుగా చేతికి అలవాటైన పని, జడ ఎంతలే అనుకున్నాడు గానీ, జుట్టు పిండిలా మాట వినే రకం కాదు.

"అయ్యాక పైన నువ్వులు కూడా చల్లుతావా?" అంది చిట్టి, అద్దంలోంచి అతన్ని చూస్తూ.

"కదలకు. పాయ జారిపోతోంది."

"చల్లితే చల్లావు, బట్టీలో మాత్రం పెట్టకు."

నవ్వబోయి ఆగిపోయింది. నవ్వితే భుజం కదులుతుంది. మెడకు వేసిన గుడ్డపట్టీలో కుడిచెయ్యి వేలాడుతోంది. కిటికీ దగ్గర కుట్టుమిషను మీద, ఎవరిదో సగం కుట్టిన చొక్కా పన్నెండు రోజులుగా అలాగే ఉంది.

ఆ చొక్కా కుడుతుండగానే ఆమె మిషను ముందు కుర్చీలోంచి పడిపోయింది. ఇరవయ్యో ఏట మొదలైన మూర్ఛ అది. అతను పరుగున వచ్చి, ఎప్పటిలాగే మోకాళ్ళ మీద కూర్చుని, ఆమె రెండు చేతుల్నీ నేలకేసి ఉన్న బలమంతా పెట్టి అదిమిపట్టాడు. పెళ్ళయిన కొత్తలో ఆమె అన్న అతన్ని పక్కకు పిలిచి చెప్పింది ఆ ఒక్క మాటే. "వచ్చినప్పుడు గట్టిగా పట్టుకోండి బావగారూ. వదిలేస్తే దెబ్బలు తగిలించుకుంటుంది." ఏడేళ్ళుగా అతను ఆ మాట తప్పలేదు. కానీ ఆ రోజు అరచేతి కింద టక్‌మని చప్పుడైంది. ఎండిన రొట్టె అంచు విరిగినట్టు.

ఆ చప్పుడు సంగతి అతను ఎవరికీ చెప్పలేదు. వీధి చివరి డాక్టరు బెణుకన్నాడు, పూతమందు ఇచ్చాడు. ఎనిమిదో రోజుకి కూడా ఆమె చెయ్యి తిరగక, కత్తెర పట్టలేక ఏడిస్తే అప్పుడు ఎక్స్‌రే తీయించారు. భుజం దగ్గర ఎముక విరిగి, కీలు వెనక్కి తప్పుకుంది. ఈ రోజు పెద్దాసుపత్రిలో చూపించాలి.

జడ పూర్తవకముందే అన్న లోపలికొచ్చాడు. బస్సు నడిపే మనిషి, డ్యూటీ చొక్కా కూడా విప్పకుండానే వచ్చాడు.

"కుర్చీలోంచి పడితే భుజం లోపల విరుగుతుందా బావగారూ? పదేళ్ళుగా బస్సు నడుపుతున్నాను. మనుషులు పడ్డం చూడనివాణ్ణి కాదు."

మేస్త్రి జారిన పాయను మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు.

"అన్నయ్యా, ముందు కూర్చో," అంది చిట్టి.

"కూర్చోడానికి రాలేదు. నిన్ను తీసుకెళ్ళడానికొచ్చాను."

"నన్నెవరైనా అడిగారా?"

"సంచి సర్దుకుని కూర్చున్నావుగా, ఇంకా అడిగేదేంటి?"

ఆమె తల తిప్పి చూసింది. తలుపు పక్కన సంచి. లోపల మడతపెట్టిన బట్టలు, అన్నిటికీ పైన మాత్రల డబ్బా. తను సర్దలేదు. ఒంటిచేత్తో సర్దడం కుదరదు కూడా. ఆమె మొగుడి వైపు చూసింది. అతను తన అరచేతుల్ని చూసుకుంటున్నాడు.

"నేనే సర్దాను," అన్నాడు. "కొన్నాళ్ళు అక్కడుంటేనే నీకు మంచిది."

"విన్నావా?" అన్న గొంతు పెరిగింది. "తప్పు చేసినవాడి నోట్లోంచే వచ్చింది!"

*

ఆసుపత్రిలో ఎక్స్‌రే తీసే మనిషి, పలక చల్లగా ఉంటుందని ముందు తన అరచేత్తో రెండుసార్లు రుద్ది, అప్పుడు ఆమె వీపు వెనక పెట్టాడు. ఆ రోజంతటిలో ఆమెకు సుఖంగా అనిపించింది ఆ కాస్తే.

డాక్టరమ్మ ఫిల్మును వెలుతురుకి పట్టి చాలాసేపు చూసింది. "భుజానికి ఆపరేషన్ తప్పదు. మళ్ళీ కత్తెర పట్టగలుగుతారో లేదో ఆర్నెల్లకు గానీ చెప్పలేను." తర్వాత వేలు కాస్త పక్కకు జరిపింది. "కాలర్ ఎముక కూడా ఒకసారి విరిగి అతుక్కుంది. ఇది పాతది. చాలా ఏళ్ళ కిందటిది."

అన్న లేచి మేస్త్రి చొక్కా పట్టుకున్నాడు. "ఇదీ నీ పనేనా? ఎన్నాళ్ళ నుంచిరా ఇలా?"

"అన్నయ్యా, ఆ చొక్కా వదులు," అంది చిట్టి. గొంతు పెంచలేదు. "అది మనింట్లో విరిగింది. అప్పటికి నాకు పెళ్ళే కాలేదు."

"మనింట్లోనా?"

"వంటగదిలో. నాకు ఇరవై మూడేళ్ళప్పుడు. నువ్వు నా భుజాల మీద కూర్చుని పట్టుకున్నావంట, అమ్మ చెప్పింది. తర్వాత రెండు నెలలు ఎడంచేత్తో తిన్నాను, గుర్తులేదా? బెణికిందని అమ్మ కాపడం పెట్టేది."

అన్న చెయ్యి చొక్కా మీదే ఉండిపోయింది, పట్టు మాత్రం పోయింది.

"నాకెప్పుడూ చెప్పలేదేం?"

"చెబితే, మళ్ళీ వచ్చినప్పుడు భయపడి దగ్గరికి రావేమోనని."

ఆ మాటకు మేస్త్రి కూడా తలెత్తాడు. "ఈసారి నా చేతుల కింద విరిగింది డాక్టరమ్మా," అన్నాడు. "నాకు వినిపించింది. చిట్టిక్కూడా చెప్పలేదు."

"కావచ్చు, కాకపోవచ్చు," అంది డాక్టరమ్మ. "ఒంట్లో కండలన్నీ ఒక్కసారి బిగుసుకుంటే, ఎవరూ ముట్టుకోకపోయినా, మెత్తటి పరుపు మీదున్నా భుజం విరుగుతుంది. వెన్నుపూస కూడా నలుగుతుంది. ఏళ్ళ తరబడి వేసుకునే ఈ మందుల్లో కొన్ని ఎముకల్ని గుల్ల చేస్తాయి, ఆ పరీక్షా చేద్దాం. అలాంటి చేతిని అదిమిపడితే ప్రమాదం ఇంకా ఎక్కువ. ఎవరి వల్ల విరిగిందో మాత్రం ఫిల్ము చెప్పదు. ఇక మీదట పట్టుకోకండి. చుట్టూ గట్టి వస్తువులు తీసెయ్యండి, తల కింద మెత్తటిది పెట్టండి, పక్కకు తిప్పండి, గడియారం చూడండి. ఐదు నిమిషాలు దాటితే అంబులెన్సుకి ఫోన్ చెయ్యండి."

"మరి చేతులు ఏం చెయ్యాలి?" అన్నాడు మేస్త్రి.

డాక్టరమ్మ నవ్వలేదు. "ఊరికే ఉంచుకోవాలి. అదే కష్టం."

*

ముగ్గురూ ఇంటికొచ్చారు. చిట్టి కుర్చీ వద్దని చాప మీద కూర్చుంది. సంచి ఇంకా తలుపు దగ్గరే ఉంది. అన్న దాని వైపు చూడకుండా నిలబడ్డాడు. మేస్త్రి నీళ్ళ గ్లాసు అందించబోతుంటే ఆమె చూపు గోడమూలన ఒకచోట ఆగిపోయింది.

అది ఇద్దరికీ తెలిసిన చూపే.

ఒళ్ళు బిగుసుకుంది. గ్లాసు దొర్లింది. అన్న అప్పటికే మోకాళ్ళ మీద కూలబడి రెండు చేతులూ చాచాడు. మేస్త్రి చేతులూ చాచుకునే ఉన్నాయి. ఏమనుకున్నాడో, చిట్టిని వదిలేసి అన్న మణికట్లు పట్టుకున్నాడు.

"వద్దు బావగారూ," అన్నాడు మేస్త్రి.

"దెబ్బ తగులుతుందయ్యా!"

"తగలదు. ఆ స్టూలు అవతలకి తోసెయ్యండి."

భుజం మీది తువ్వాలు మడిచి ఆమె తల కింద పెట్టాడు. విరగని వైపుకు మెల్లగా ఒత్తిగిలేలా చేశాడు. ఇక చెయ్యడానికేమీ లేదు. ఆమె ఒళ్ళు ఎగిరెగిరి పడుతోంది. నలభై కిలోల పిండి పిసికే మేస్త్రి చేతులు ఒళ్ళో ఊరికే ఉండలేక మళ్ళీ ఆమె వైపు లేచాయి. అన్న వాటిని అందుకున్నాడు. ఇద్దరూ ఆమెకు అటొకరూ ఇటొకరూ కూర్చుని, ఆమె మీదుగా ఒకరి చేతులొకరు వేళ్ళు తెల్లబడేలా బిగించి పట్టుకున్నారు.

"ఎంతయింది?" అన్నాడు మేస్త్రి.

"నిమిషం." అన్న గోడగడియారం చూసి చెప్పాడు.

"ఇప్పుడో?"

"ఇంకా నిమిషన్నర కూడా కాలేదు."

రెండు నిమిషాల పది సెకన్లకు ఆమె ఒళ్ళు సడలింది. ఊపిరి గురకలా మారి, కాసేపటికి నెమ్మదించింది. వాళ్ళిద్దరూ కదల్లేదు. ఆమె కళ్ళు తెరిచేసరికి కిటికీలోని ఎండ మిషను దాటి చాప అంచుకు చేరింది. ముందు ఎడంచేతి వేళ్ళు కదిపి చూసుకుంది.

"ఏమైనా విరిగిందా?"

"చప్పుడు లేదే," అన్నాడు మేస్త్రి. "కాళ్ళు కదుపు, చూద్దాం."

కదిపింది. తర్వాత వాళ్ళ చేతుల వైపు చూపు తిప్పింది. "మరి మీరిద్దరూ... చిన్నపిల్లల్లా ఆ చేతులేంటి?"

అన్న కన్నీళ్ళు చొక్కా మీద పడుతున్నా తుడుచుకోలేదు. తుడుచుకోవాలంటే చేతులు వదలాలి.

"నిన్ను పట్టుకోకుండా ఉండడానికే చిట్టీ."

ఆమె వాళ్ళ చేతుల్ని ఇంకోసారి చూసింది. "అయితే అలాగే ఉండండి," అని కళ్ళు మూసుకుంది.

ఆమె నిద్రలోకి జారుకున్నాక అన్న లేచి వెళ్ళి, సంచిలోంచి మాత్రల డబ్బా తీసి, మిషను పక్కన ఎప్పుడూ ఉండేచోట పెట్టాడు.