వద్దనడానికి ఇంగ్లీషెందుకు?

మామిడికాయ పచ్చడి జాడీలో తడి గంటె పెట్టిందెవరన్న దగ్గర మొదలైంది గొడవ.

"నేను పెట్టలే అమ్మా," అంది ప్రవీణ.

"మరి మీ బాపు పెట్టిండా? పొద్దంత ఫోన్ల ముఖం తెల్వనోళ్ల ఇంగ్లీషు దిద్దుకుంట కూసుంటవ్. చేర్యాల పిలగాడు చూసిపోయి పదకొండు దినాలాయె, ఒక్క ఖబరు లేదు. గది ఆలోచించినవా?" బాలలక్ష్మి జాడీ మూత గట్టిగా బిగించింది.

ఆలోచించకేం? ఆ భానుప్రకాశ్ నవ్వు నచ్చినందుకు ప్రవీణకు తన మీద తనకే మంటగా ఉంది. నచ్చకపోతే నచ్చలేదని చెప్పొచ్చుగా! వీధిలో ప్రతివాళ్లూ "ఏమన్నరు?" అని అడిగేదాకా నానబెట్టడమేమిటి?

గదిలోకి పోయి ఫోన్ తెరిచింది. ఆ సైట్లో అడిగేవాళ్లకూ, దిద్దే వలంటీర్లకూ పేర్లుండవు. ఎం.ఏ. ఇంగ్లీషు చదివిన ప్రవీణ రెండేళ్లుగా అక్కడ దిద్దుతోంది. ఇవాళ ఎవరో ఒక ఇంగ్లీషు ఉత్తరం పెట్టారు. తప్పులుంటే సరిచేయమని, ఒక అమ్మాయికి పంపాలని పైన రాశారు.

చదువుతూ పోయింది. పెళ్లిచూపుల మధ్యలో, పక్కగదిలో మగ్గం మీద పోగు తెగిందట. అమ్మాయి కుర్చీలోంచి లేచి వెళ్లి, పోగు అతికి, వచ్చి మళ్లీ కూర్చుందట. అట్లాంటి అమ్మాయిని తాను ఎక్కడా చూడలేదట. కానీ ఆమె ఎం.ఏ. తానేమో ఇంటర్ ఇంగ్లీషు రెండుసార్లు తప్పి, భివండిలో మగ్గాలు నడిపి వచ్చినవాడు. నలుగురిలో ఆమె తలదించుకోవాల్సి వస్తుంది. కనుక ఈ సంబంధం వద్దట.

ప్రవీణ చెవులు వేడెక్కాయి. వద్దనడానికి కూడా ఇంగ్లీషు కావాల్సి వచ్చిందా ఈయనకి!

టకటకా తెలుగులోనే కొట్టింది. "తల దించుకుంటనని మీకెవలు చెప్పిన్రు? నన్ను అడిగిన్రా?"

అవతల ఏదో టైపు చేసి చెరిపేశారు. తర్వాత, "మేడమ్, మీరెవరు?"

"పోగు అతికినదాన్ని."

మూడు నిమిషాలకు వచ్చింది జవాబు. "అయ్యో! ఎం.ఏ. చదివినామెకు తెలుగుల రాస్తే మర్యాద గాదనుకున్న. తప్పయింది. తిట్టున్రి."

"తిడుత. గీ ఫోన్ల గాదు, ఎదురుంగ. పదకొండు దినాల సంది మా అమ్మతోని మాటలు పడుతున్న."

"అయితే రావాల్నా?"

"గది గూడ నన్నే అడుగుతరా? మీకు ఇష్టముందా, లేదా?"

"మస్తుగుంది. ఆదివారం వస్త."

ఫోన్ మంచం మీద పడేసింది. కోపం అట్లానే ఉంది. దాని పక్కనే నవ్వు కూడా వచ్చి కూర్చుంది.

మధ్యాహ్నం అన్నాల దగ్గర తండ్రి లింగమూర్తి మెల్లగా కదిపాడు. "చేర్యాలోళ్లను ఇడిసిపెడుదాం బిడ్డా. వేరే సంబంధం చూస్త."

"చూడకు బాపూ." ప్రవీణ ముద్ద కలుపుతూనే చెప్పింది. "ఆదివారం ఆయన వస్తుండు. మీరందరు బయట కూసోన్రి. ఒక గంటసేపు కొట్లాడుత. అయినంక ముహూర్తం పెట్టున్రి."