తనంతట తానే కదిలిన బండి

మెకానిక్ నిలబడే చనిపోయాడు.

వీపు వెనక ఇనుప బల్ల. ఎదురుగా పాత పికప్ బంపర్. రెండింటి మధ్యా మనిషి. నలుగురూ కలిసి బండిని వెనక్కి నెట్టేదాకా అతను కింద పడలేదు.

ఇన్‌స్పెక్టర్ వచ్చేసరికి మధ్యాహ్నం రెండు దాటింది. బయట కుండపోత వాన. షెడ్డు రేకుల మీద మోతకి ఎవరి మాట వాళ్ళకే వినపడటం లేదు. ఆవిడ గొడుగు గుమ్మంలో వదిలేసి లోపలికి వచ్చింది. శవం మీద కప్పిన టార్పాలిన్ ఎత్తి చూసింది. మళ్ళీ కప్పింది.

నేల గుమ్మం నుంచి బల్ల దాకా కొద్దిగా వాలుగా ఉంది.

"యాక్సిడెంట్ మేడమ్" అన్నాడు హెడ్ కానిస్టేబుల్. "బండి తనంతట తనే స్టార్టయి ముందుకు దూకింది. చూసిన సాక్షి ఉన్నాడు. ఇక బండికి బేడీలు వెయ్యడమొక్కటే మిగిలింది."

ఆవిడ నవ్వలేదు.

సాక్షి మెకానిక్ బావమరిది. షెడ్డులోనే పని చేస్తాడు. పాతికేళ్ళుంటాయి. గోడకి ఆనుకుని నిలబడ్డాడు.

"నువ్వెక్కడున్నావ్?"

"అప్పుడే లోపలికొచ్చాను. పొద్దున్నుంచీ బేరింగుల కోసం దుకాణాల చుట్టూ తిరిగాను."

"బావ ఎక్కడున్నాడు?"

"బల్ల ముందు. బండికి వీపు పెట్టి."

"ఏం జరిగింది?"

"లైట్లు వెలిగి ఆరాయి. సెల్ఫ్ గుర్రుమంది. నేను అరిచాను. బావ ఇటు తిరిగాడు. అంతే."

"తాళం?"

"బండికే ఉంది. ఆఫ్‌లో. ఎవరూ తిప్పలేదు."

"తిప్పకుండానే కదిలిందా?"

"దాని రోగమే అది మేడమ్. ఓనర్నడగండి."

బండి ఓనర్ నర్సరీ నడుపుతాడు. వీధిలో అందరూ మొక్కలాయన అంటారు. బండి పని అయిందేమో చూద్దామని వచ్చి, గుమ్మంలోనే కూలబడ్డాడు. అడక్కముందే చెప్పుకొచ్చాడు.

"బండి పాతదండీ. అద్దం సందుల్లోంచి వాన నీళ్ళు కారి, డాష్‌బోర్డు కింద బాడీ కంట్రోల్ మాడ్యూల్ పాడైంది. లైట్లు, హారన్, వైపర్లు, తలుపు తాళాలు, స్టార్టింగ్, అన్నీ ఆ డబ్బా చెప్పినట్టే నడుస్తాయి. డబ్బాకి మతిపోతే బండికి మతిపోయినట్టే. ఎండలో వైపర్లు ఆడేవి. చీకట్లో లైట్లు ఆరేవి. రెండుసార్లు నేను బండి దిగి నిలబడ్డప్పుడే సెల్ఫ్ తిరిగింది. పది రోజుల కిందట ఇక్కడ వదిలాను. కొత్త మాడ్యూల్ తెప్పిస్తానన్నారు." కండువాతో మొహం తుడుచుకున్నాడు. "తుక్కు కింద అమ్మేసినా పోయేది. బంగారం లాంటి మనిషిని నా బండి మింగేసింది."

"కొత్త మాడ్యూల్ వచ్చిందా?"

హెడ్ కానిస్టేబుల్ బల్ల చూపించాడు. "వచ్చింది మేడమ్. బిగించే లోపే ఈ ఘోరం. ఇంకా పెట్టెలోనే ఉంది."

బల్ల మీద మెరిసే అట్టపెట్టె. పైన కంపెనీ లేబుల్. పక్కన పురికొస ఉండ, కత్తెర. ఆవిడ గ్లవ్స్ తొడుక్కుని మూత తీసింది. లోపల అరచేయంత నల్లటి డబ్బా. పైకి తీసి వాసన చూసింది. పిన్నుల మీద వేలితో రాసి, ఆ వేలిని వెలుతుర్లో పెట్టి చూసుకుంది.

తర్వాత బండి తలుపు తీసి, టార్చితో స్టీరింగ్ కింద తల దూర్చింది. చాలాసేపు అలాగే ఉంది.

బండి ముందుకొచ్చింది. కుడి హెడ్‌లైట్ అద్దం పసుపెక్కి, మసకబారి ఉంది. ఎడమది తళతళలాడుతోంది.

"ఎడమ లైటు ఎప్పుడు మార్పించారు?"

మొక్కలాయన తెల్లబోయాడు. "నేను మార్పించలేదే? ఇచ్చినప్పుడు రెండూ బాగానే ఉన్నాయి."

ఆవిడ బయటికెళ్ళి, చూరు కింద నిలబడి రెండు ఫోన్లు చేసింది. మొదటిది పోలీసు వాహనాలు చూసే ఎలక్ట్రీషియన్‌కి. రెండోది స్టేషన్‌కి. "కాలవ మలుపు కేసులో దొరికిన గాజు పెంకులు పంపండి" అంది.

షెడ్డు మీదే ఇల్లు. మెకానిక్ భార్య వంటింటి గచ్చు మీద కూర్చుని ఉంది. కళ్ళు పొడిగా ఉన్నాయి. పొయ్యి మీద వండినవి వండినట్టే ఉన్నాయి.

"మీ ఆయన పనిలో జాగ్రత్త మనిషేనా అమ్మా?"

"టైరు కింద చెక్క పెట్టకుండా స్పానర్ పట్టరు. హ్యాండ్ బ్రేక్ వేసి కూడా ఒకసారి తోసి చూసుకుంటారు. నేను నవ్వితే, 'ఇనుముకి మొహమాటం ఉండదే' అనేవారు."

"మీ తమ్ముడితో ఎలా ఉండేవారు?"

"కన్నకొడుకులా చూసుకున్నారు. మాకు పిల్లల్లేరు." కొంగు సర్దుకుంది. "ఈ వారంగా ఇద్దరికీ మాటల్లేవు. ఎందుకంటే చెప్పరు. నిన్న మాత్రం వీడు అన్నం ముందు కూర్చుని ఏడ్చాడు."

"ఈ పికప్‌ని మీ తమ్ముడు ఎప్పుడైనా బయటికి తీశాడా?"

"ట్రయల్‌కి తీశాడు. పోయిన మంగళవారం సాయంత్రం. చీకటిపడ్డాక వచ్చాడు."

పోయిన మంగళవారం మునిమాపు వేళ, కాలవ మలుపులో సైకిల్ మీద వెళ్తున్న ఒక నర్సుని ఏదో బండి గుద్దేసి ఆగకుండా పోయింది. తెల్లారేదాకా ఎవరూ చూడలేదు. చూసేసరికి ప్రాణం లేదు. ఆ కేసు ఇన్‌స్పెక్టర్ బల్ల మీదే ఉంది.

ఆవిడ కిందికి దిగింది. వెనకే మెకానిక్ భార్య కూడా వచ్చి ఆఖరి మెట్టు మీద నిలబడింది.

వాన తగ్గింది. షెడ్డులో మాటలు స్పష్టంగా వినపడుతున్నాయి.

"జరిగింది ఇంకొక్కసారి చూద్దాం" అంది ఇన్‌స్పెక్టర్. బావమరిది వైపు తిరిగింది. "సెల్ఫ్ చప్పుడు నువ్వు విన్నావు."

"విన్నాను మేడమ్."

"సరిగ్గా విన్నావా? వాన మోత కదా."

"బాగా విన్నాను. గుర్రుమంది."

"ఎక్కి కూర్చో. తాళం తిప్పు."

అతను కదల్లేదు.

"గేర్ న్యూట్రల్‌కి మార్పించాను. టైర్ల కింద చెక్కలు పెట్టించాను. భయం లేదు, తిప్పు."

ఎక్కాడు. తిప్పాడు.

డాష్‌బోర్డు మీద తాళం బొమ్మ ఎర్రగా మిణుకుమంది. ఇంజను ఉలకలేదు, పలకలేదు.

"మళ్ళీ."

మళ్ళీ అంతే. అతని నుదుటి మీద చెమట పట్టింది.

"బ్యాటరీ అయిపోయుంటుంది."

"బ్యాటరీ నిండుగా ఉంది. హెడ్ గారూ, ఆ పెట్టెలో ఉన్నది ఏమిటి?"

"కొత్త మాడ్యూల్ మేడమ్."

"పిన్నులకి పచ్చటి చిలుము పట్టింది. కాలిన వాసన వస్తోంది. కొత్త పార్టుకి చిలుము ఎక్కడిది?" ఆవిడ స్వరం పెంచలేదు. "పెట్టె కొత్తది. అందులో ఉన్నది పాతది. కొత్తది స్టీరింగ్ కింద బిగించి ఉంది. మెకానిక్ పొద్దున్నే మార్చేశాడు."

మొక్కలాయన లేచి వచ్చి పెట్టెలోకి తొంగి చూశాడు.

"కొత్త మాడ్యూల్ బిగించగానే పని అయిపోదు. ఈ బండి తాళం చెవి ఇదీ అని దానికి కంప్యూటర్‌తో నేర్పాలి. నేర్పేదాకా అది ఎవర్నీ నమ్మదు. చెవి తిప్పినా సెల్ఫ్‌కి కరెంటు వదలదు. ఆ పని ఇంకా జరగలేదు. ఎలక్ట్రీషియన్ని అడిగి తెలుసుకున్నాను, ఇప్పుడు మీరంతా చూశారు." ఆవిడ డ్రైవర్ తలుపు దగ్గరికి వెళ్ళింది. "చెవి తిప్పినా స్టార్టవని బండి, తిప్పకుండా ఎలా స్టార్టయింది? పిచ్చిదని పేరు పడ్డ బండి కదా, ఏం చెప్పినా నమ్ముతారనుకున్నావు. దాని పిచ్చి పొద్దున్నే కుదిరిందని నీకు తెలీదు. నువ్వు ఊళ్ళో ఉన్నావు. వచ్చి పెట్టెను చూశావు, పని కాలేదనుకున్నావు."

అతను స్టీరింగ్ వదల్లేదు.

"బండి దూకలేదు. వాలులో జారింది. చెక్క తీసిందెవరు? బ్రేక్ దించిందెవరు? తర్వాత, దూకిందని నమ్మించడానికి గేర్ వేసిందెవరు?"

ఆవిడ ఎడమ లైటు వైపు చెయ్యి చూపించింది.

"కాలవ మలుపులో దొరికిన గాజు పెంకులు దారిలో ఉన్నాయి. మార్చేసిన పాత లైటు ఎక్కడ పారేశావో నువ్వే చెబుతావా, నన్ను వెతకమంటావా?"

మెట్టు మీంచి అక్క గొంతు వినపడింది. "చెప్పరా."

ఆ ఒక్క మాటకే అతను స్టీరింగ్ మీద వాలిపోయాడు.

"మలుపులో లైట్లు రెండూ ఆరిపోయాయక్కా. కళ్ళ ముందు ఏమీ లేదు. దభీమని చప్పుడు. ఆపాలనే అనుకున్నా. కాలు రాలేదు." వెక్కిళ్ళ మధ్య మాట తెగిపోతోంది. "బావ కనిపెట్టేశాడు. పోలీసుల దగ్గరికి పద, లేకపోతే నేనే వెళ్తా అన్నాడు. ఇవాళ వచ్చేసరికి పెట్టెకి చుట్టడానికి తాడు తీస్తున్నాడు. బతిమాలాను. వెనక్కి తిరిగి చూడలేదు. ఒళ్ళు మండింది. కాలు విరిగి మంచాన పడితే చాలు, కొన్నాళ్ళు ఎక్కడికీ వెళ్ళలేడు అనుకున్నా. చంపాలని కాదు."

"అన్నానికి రమ్మని పిలిచాను" అంది అక్క. ఎవరితో చెబుతున్నదీ తెలియడం లేదు. "వస్తున్నా, ఈ పెట్టె భద్రంగా కట్టాలి అన్నారు. ఇది లేకపోతే రేపు నీ తమ్ముడి మాట ఎవరూ నమ్మరు అన్నారు. ఏ మాటో నాకు అర్థం కాలేదు."

ఇన్‌స్పెక్టర్‌కి అర్థమైంది. లైట్లు వాటంతట అవే ఆరాయనడానికి ఆ చెడిపోయిన డబ్బా ఒక్కటే రుజువు. మెకానిక్ దాన్ని బావమరిది కోసమే కడుతున్నాడు.

అక్క మాట అతనికీ అర్థమైంది. ఏడవడం కూడా మానేశాడు.

హెడ్ కానిస్టేబుల్ చెయ్యి పట్టి బండిలోంచి దించాడు. గుమ్మం దాకా నడిచాక అక్క అడ్డంగా వచ్చి నిలబడింది.

"ఆయన ఏమైనా అన్నారా?"

అతను తల వంచుకున్నాడు.

"అడుగుతున్నాను. బండి వస్తున్నప్పుడు ఏమన్నారు?"

"'బండి జారుతోందిరా, నువ్వు పక్కకి తప్పుకో' అన్నాడు."

అక్క తమ్ముడి మొహంలోకి చూసింది. కొడుతుందేమోనని హెడ్ కానిస్టేబుల్ చెయ్యి అడ్డం పెట్టబోయాడు. ఆవిడ కొట్టలేదు.

"తీసుకెళ్ళండి" అంది ఇన్‌స్పెక్టర్‌తో. "పొద్దున్నుంచీ ఏమీ తినలేదు. స్టేషన్లో ఏమన్నా పెట్టండి. నన్ను మాత్రం తెమ్మని అడక్కండి."

జీపు వెళ్ళిపోయింది. అక్క లోపలికి వచ్చి, టార్పాలిన్ పక్కన నేల మీద కూర్చుంది. అప్పుడు ఏడ్చింది.