ఆపమంటే ఆగే వాన

నాకు అన్నిటికన్నా భయం వాన. పాముకి భయపడను, చీకటికి భయపడను. కోతల వేళ మబ్బు పట్టిందంటే మాత్రం చేతులు చల్లబడిపోతాయి. తొంభై ఆరు తుఫానుకి మా కౌలు చేలో కోసి పడేసిన వరి పనలమీదే మొలకెత్తింది. ఆ ఏడే నా చదువు తొమ్మిదో క్లాసుతో ఆగిపోయింది.

అలాంటి నేను వానలు కురిపించేవాణ్ణి పెళ్ళి చేసుకున్నాను. ఎలాగో చెబుతాను.

తుఫాను పోయిన కొన్నేళ్ళకి, మండపేట దగ్గర మా ఊరి కాలవగట్టు మీదికి సినిమావాళ్ళు పాట తియ్యడానికి వచ్చారు. ఊరు ఊరంతా అటే పరిగెత్తింది. నేను రోడ్డు మీద ఆరబోసిన ధాన్యాన్ని కాళ్ళతో తిరగేస్తూ ఉండిపోయాను. మా నాన్న చంద్రరావుకి మోకాళ్ళ నొప్పులు. కాపలా నాదే.

గాలిలో పాట వస్తోంది. ఒకే లైను. ఆగి, మళ్ళీ అదే లైను. అంతలో మలుపులో, కొబ్బరిచెట్ల వెనక, వాన!

నా నెత్తిన ఎండ కాస్తూనే ఉంది. అక్కడ మాత్రం ధారలు ధారలుగా పడుతోంది. దాని కింద ఎవరిదో ధాన్యం రాశి నానిపోతోంది.

"అమ్మో, ధాన్యం! ధాన్యం తడిసిపోతందండోయ్!"

ధాన్యం మీద కప్పే మా బరకం ఒకటి లాక్కుని పరిగెత్తాను. రాశి మీద పరిచేశాను. గాలికి లేచిపోకుండా దానిమీద బోర్లా పడుకున్నాను. అప్పుడు తలెత్తి చూస్తే ఇటు హీరో, అటు హీరోయిన్ చేతులు చాపుకుని నిలబడి ఉన్నారు. మధ్యలో నేను. పాట ఆగిపోయింది.

నీళ్ళ ట్యాంకరు పక్కన పైపు పట్టుకున్న కుర్రాడు ఇంజను మీద వాలిపోయి నవ్వుతున్నాడు.

"లేవండి బరకంగారూ! అది ధాన్యం కాదండి, ఊక. పైన రెండు బుట్టలు వడ్లు జల్లాం."

"మరి వానో?"

"అదీ మాదేనండి. ట్యాంకరులో పట్టుకొచ్చాం."

"సిగ్గు లేదూ? కోతలప్పుడు ఎవరన్నా వాన కురిపిస్తారా?"

"పాటలో కోతల్లేవండి. ఉత్త ప్రేమే."

అతని పేరు గణేష్‌బాబు, నిడదవోలు. నా బరకం పిండి, మడిచి ఇచ్చాడు. వెళ్ళిపోవాల్సిందే. వెళ్ళలేకపోయాను.

డైరెక్టరు చెయ్యెత్తాడు. ఇంజను దడదడలాడింది. వెదురుబొంగులకి కట్టిన పైపుల్లోంచి నీళ్ళు లేచి, ఎండలో మెరుస్తూ, ముత్యాలు విరజిమ్మినట్టు దిగాయి. ఆ తడి చీరలో హీరోయిన్ గిర్రున తిరిగింది. మా కాలవగట్టేనా ఇది? రోజూ గేదెలు తోలే చోటేనా? డైరెక్టరు చెయ్యి దించాడు. వాన ఆగింది! ఆకాశం ఏమీ ఎరగనట్టు నీలంగా ఉంది.

"ఆపమంటే ఆగిపోద్దా?" అన్నాను. గణేష్‌బాబు నా వైపు తిరిగాడు.

"ఆయ్. కావాలంటే మీరు ఆపండి."

"నేనా!"

"భోజనాలకి లేచారుగా, ఎవరూ చూడర్లెండి. చెయ్యెత్తితే పడుద్ది, దించితే ఆగుద్ది."

ఎత్తాను. పడింది. దించాను. ఆగింది. ఏడుపొచ్చేసింది నాకు. ఆ తుఫాను రోజున మా అమ్మ గుమ్మంలో నిలబడి రెండు చేతులూ జోడించింది. ఆ వాన ఆగలేదు.

"ఏంటండీ, ఏమైంది?" అతని నవ్వు మాయమైపోయింది. నోరు విప్పి అంతా చెప్పేశాను. తన తువ్వాలు నాకిచ్చాడు.

మర్నాడు మధ్యాహ్నం నిజంగానే ఆకాశం నల్లబడింది. మా ధాన్యమంతా రోడ్డు మీదే ఉంది. ఆ ఏడు కూడా పోతే కౌలు పొలం వదిలేసుకోవాల్సిందే. నాన్న కుంటుకుంటూ చీపురు పట్టుకున్నాడు, నేను ఎగదోస్తున్నాను. బరకాలు చాల్లేదు.

మలుపులో ఇంజను చప్పుడు టక్కున ఆగింది. గణేష్‌బాబు వస్తున్నాడు, జనరేటరు మీద కప్పే పెద్ద బరకం ఈడ్చుకుంటూ. వెనక మేనేజరు అరుపులు.

"ఒరేయ్, షాటు మధ్యలో ఎక్కడికిరా? పోతే పో, మళ్ళీ రాకు!"

"అలాగేనండి!" అని వెనక్కి తిరక్కుండానే అరిచాడు.

నేను కంగారుగా మబ్బు చూపించి చెయ్యి దించాను, ఆపమన్నట్టు. అంత భయంలో కూడా నవ్వాడు.

"ఇది మాది కాదండీ, నా మాట వినదు. ఆ కొస పట్టుకోండి!"

మొదటి చినుకులు పడేసరికి రాశి మూసేశాం. ముగ్గురం కొసల మీద కూర్చున్నాం. వాన మమ్మల్ని ఉతికి ఆరేసింది, ధాన్యాన్ని మాత్రం ముట్టుకోలేకపోయింది.

"ఎవరబ్బాయివి బాబూ?" అన్నాడు నాన్న.

"నిడదవోలండి. ఇందాకటిదాకా ఉద్యోగం ఉండేది."

నాన్న అతన్ని చూశాడు, నన్ను చూశాడు. నేను బరకం వంక చూస్తున్నాను.

"ఇంటికి రా. భోజనం చేసి మాట్లాడుకుందాం."

ఆ మాటలు ఆ పూటతో అవలేదు. మాఘమాసంలో పెళ్ళిదాకా వచ్చాయి.

తర్వాత ఆ పాట టీవీలో వచ్చినప్పుడు మా వీధంతా ఒకే ఇంట్లో కూర్చుని చూశాం. అందరూ హీరోయిన్ని చూస్తున్నారు. నేను వాననే చూశాను. ప్రతి చుక్కా ఈయన చేతిమీదుగా దిగిందే.

ఇప్పుడు ఈయనకి మళ్ళీ పిలుపు వచ్చింది, వేరే కంపెనీ. పాపికొండల వైపు ఏదో పాటట, వెళ్ళారు. మా పాపకి ఇంకా పళ్ళు రాలేదు. దాన్ని ఒళ్ళో వేసుకుని మబ్బు వంక చూస్తూ ఉంటాను. ఫోను చేస్తే "తిన్నాను, పొడిగానే ఉన్నాను" అంటారు. వెళ్ళేటప్పుడే దగ్గుతున్నారు. ఎలా నమ్మను?

అటువైపు వెళ్ళేవాళ్ళు ఎవరైనా ఉంటే, ఎండలో వాన పడుతున్న చోటు కనబడితే, పాట చూడండి, వద్దనను. కానీ ఒక్కసారి ఇంజను వెనక్కి కూడా వెళ్ళండి. అక్కడొక సన్నటి మనిషి ఉంటారు. తల తుడుచుకున్నారో లేదో కాస్త చూసి చెప్పరూ?